ఎర్రటి మచ్చ

డబ్బిచ్చి చేపను కొనుక్కున్నవాళ్ళను చాలామందిని చూశాను. డబ్బిచ్చి చేపను పట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలేసి, చేతులు తుడుచుకుని ఇంటికి వచ్చినవాణ్ణి మాత్రం మా వూరు మొత్తంమీద నేనొక్కణ్ణే అయివుంటాను.

సంగతేమిటంటే, కిందటి మార్చి నెలలో నేను అమెరికాలో, డాలస్‌లో మా అబ్బాయి దగ్గర వున్నాను. పిల్లలు పరాయిదేశంలో వున్న పెద్దవాళ్ళకు అక్కడ పొద్దుపోవడం ఎంత కష్టమో నేను చెప్పనక్కర్లేదు. కిటికీ దగ్గర కూచుని వీధిన పోయే కార్లు లెక్కపెడుతున్న నన్ను చూసి మావాడు జాలిపడ్డాడు.

"నాన్నా, చిన్నప్పుడు చెరువులో చేపలు పట్టేవాణ్ణని చెప్తూంటావు గదా. పద, వెడదాం" అన్నాడు.

"గాలమేదిరా?" అన్నాను.

"గాలం, ఎర, పడవ, పట్టించే మనిషి, అన్నీ అద్దెకే దొరుకుతాయి."

చేపలు పట్టించడానికి ఒక మనిషా! వాళ్ళను గైడ్లంటారట. గైడంటే గోలకొండలోనో హంపీలోనో రాళ్ళు చూపించి కథలు చెప్పేవాడనే నాకు తెలుసు. నాకు ఒక్కరోజుకు లైసెన్సు కూడా తీసుకున్నాడు మావాడు. చేప పట్టడానికి సర్కారువారి అనుమతి! అదీ చూద్దామని బయలుదేరాను.

డాలస్‌కు తూర్పుగా గంటన్నర ప్రయాణం చేస్తే లేక్ ఫోర్క్ అనే చెరువు వస్తుంది. చెరువంటే మన వూరి చెరువు కాదు; 27 వేల ఎకరాల పైమాట. సబీన్ నదిలో కలిసే ఒక వాగుకు ఆనకట్ట కట్టి, 1980లో నీళ్ళు నింపడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున వెళ్ళి చూద్దును గదా, నీళ్ళమధ్య వేలకొద్దీ ఎండుచెట్లు మొండిగా నిలబడి వున్నాయి. కట్టె ఇంత దండగ చేశారేమిటి అనుకున్నాను.

"కావాలనే కొట్టకుండా వదిలేశారు సర్. అవి చేపలకు ఇళ్ళు" అన్నాడు గైడు.

యాభై దాటిన మనిషి. ఎండకు కమిలిన మెడ, తక్కువ మాట. ముందు ఒక చిన్న కరెంటు మోటారును కాలితో తొక్కుతూ, పడవను చెట్లమధ్య చప్పుడు లేకుండా నడిపిస్తున్నాడు. ఎదురుగా వున్న తెరమీద నీళ్ళ అడుగు కనిపిస్తుంది. కాని అతను తెరకంటె నీళ్ళనే ఎక్కువ చూస్తున్నాడు. గాలి ఎటునుంచి వస్తోంది, నీరు ఎంత వెచ్చబడింది, పాత వాగు ఎక్కడ మలుపు తిరిగింది, అదీ అతని చదువు. మేమిచ్చిన డబ్బు ఆ చదువుకే గాని చేపకు కాదని నాకు తరవాత తెలిసింది.

ఇక్కడి రాజు పెద్దనోటి బాస్ అనే చేప. ఆకుపచ్చటి వొళ్ళు, పక్కన నల్లటి చార, నోరు తెరిస్తే పిడికిలి పట్టేట్టు వుంటుంది. ఎర చూసి నవ్వొచ్చింది. రబ్బరు వానపాము! నిజం వానపాముకే మోసపోని చేపల్ని ఎరిగినవాణ్ణి నేను. రెండు గంటలు నా నవ్వే గెలిచింది. తరవాత ఒక మోడు పక్కన దారం చిన్నగా కదిలింది. గైడు "ఇప్పుడు!" అన్నాడు. లాగాను. కర్ర విల్లులా వంగిపోయింది. నా డెబ్బై యేళ్ళూ ఎక్కడికి పోయాయో తెలియదు.

21 అంగుళాల చేప. రెండున్నర కిలోలు తూగింది. ఇంటి దగ్గర మా కోడలు చింతపండు నానబెట్టి కూచుంది. పులుసు వాసన నాకు పడవలోనే వచ్చింది. గైడు కొలబద్ద చూశాడు, ఫోటో తీశాడు, చేప కింది పెదవి పట్టుకుని నీళ్ళలోకి దించి వదిలేశాడు.

"అయ్యో!" అన్నాను అచ్చ తెలుగులో.

మావాడు వివరించాడు. ఆ చెరువులో 16 అంగుళాలకు మించి 24 అంగుళాల లోపున్న బాస్‌ను ఇంటికి తీసుకుపోకూడదట. ముందు ముందు పెద్దవయ్యేవి, పిల్లలు పెట్టేవి అవేనట. ఆ రాష్ట్రంవారు 1986లో మరో పథకం పెట్టారు: 13 పౌన్లకు మించిన బాస్ దొరికితే ప్రాణంతో మాకు అప్పివ్వండి, దానిచేత పిల్లలు పెట్టించుకుంటాం అని. మొట్టమొదటి అప్పు ఈ చెరువుదే. రాష్ట్రమంతటికీ పెద్దదైన బాస్, 8 కిలోల పైచిలుకుది, 1992లో ఇక్కడే దొరికింది. నాకిదంతా వింతగానే వున్నది, కోపంగానూ వున్నది. పులుసు పోయింది గదా!

మధ్యాహ్నం ఒడ్డుపక్క తక్కువ నీళ్ళలోకి వెళ్ళాం. అడుగున పళ్ళెమంత మేర శుభ్రంగా తుడిచినట్టుంది. దానిమీద ఒక బాస్ కదలకుండా నిలబడి వుంది. నేను కర్ర ఎత్తాను. గైడు పడవను వెనక్కి తిప్పాడు.

"అది మగది సర్. గుడ్లకు కాపలా. దాన్ని లాగితే చిన్న చేపలొచ్చి నిమిషాల్లో గూడు ఖాళీ చేస్తాయి. చట్టం అడ్డు లేదు, పట్టి వదిలేసేవాళ్ళూ వున్నారు. నేను మాత్రం పట్టించను."

ఆ మాటతో నాకు మా చెరువు గుర్తొచ్చింది. తొలకరి పడ్డాక కొర్రమీను పిల్లలు గుంపుగా నీటిమీద తేలతాయి. దూరానికి ఎర్రటి మచ్చలా కనిపిస్తాయి. వాటికింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతూంటాయి. నాకప్పుడు పదేళ్ళు. గట్టుమీద చింతచెట్టెక్కి ఆ మచ్చ ఎక్కడుందో చూపించడం నా పని. కింద ఈటె పట్టుకున్నవాడు నేను చూపినచోట పొడిచేవాడు. నాకొక అణా. అంటే నేనూ గైడునేనన్నమాట! ఒకనాడు పెద్దచేపలు రెంటినీ పొడిచాక చెట్టు దిగకుండా కూచున్నాను. ఎర్రమచ్చ చెదిరి, చుక్కలు చుక్కలైంది. కొంగలు దిగాయి. ఆ రాత్రి పులుసు నేనూ తిన్నాను.

ఇదంతా గైడుకు చెప్పమన్నాను. మావాడు చెప్పాడు. అతను తప్పనలేదు, ఒప్పనలేదు. "మీ చెరువులో ఆ చేపలు ఇంకా వున్నాయా సర్?" అని మాత్రం అడిగాడు.

మా చెరువును ఇప్పుడు పాటకిస్తారు. బొచ్చె, శీలావతి పిల్లల్ని కొని పోస్తారు. కొర్రమీను కావాలంటే పట్నం వెళ్ళి కొనుక్కోవాలి. ఇది తర్జుమా చేయమని మావాడికి చెప్పలేదు. అతను మళ్ళీ అడగలేదు.

ఆ రాత్రి నానిన చింతపండుతో మా కోడలు చారు కాచింది.

తొలకరి వానలు పడ్డాక మీ వూరి చెరువులో ఎర్రటి మచ్చ కనిపిస్తే, దయచేసి ఎవరికీ చూపించకండి.