ఆటపెట్టెకు కిటికీ

వీడియో ఆటల యంత్రమునకు రంగుదీపములు పొదిగి, దాని పెట్టెను కోసి కిటికీలమర్చుకొను యువకులను చూచి పెద్దలు పెదవి విరచుట కలదు. వేలు పోసి కొన్న వస్తువును రంపముతో కోయుట పిచ్చిపని యని వారి యభిప్రాయము. ఆట యొక వ్యసనము కాగా, ఆ యంత్రమునకు అలంకారము మరియొక వ్యసనమని వారి వాదము. పైపై చూపునకు ఇది సమంజసముగనే తోచును. కాని ఆ కోతకు ముందు జరుగవలసిన పని యెట్టిదో విచారించినవారు ఇంత సులభముగ తీర్పు చెప్పజాలరు.

2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ అమెరికాలో విడుదల చేసిన ఎక్స్‌బాక్స్ ఇందులకు చక్కని యుదాహరణము. దానిని విప్పుటకు కావలసిన ఆరు మరలలో నాలుగు అడుగునగల పాదముల క్రిందను, రెండు చీటీల క్రిందను దాగియుండెను. వాని తలలు నక్షత్రాకారములు. మామూలు తిప్పుళికి లొంగవు. కొన్నవాడు లోనికి చూడనక్కరలేదన్న భావము ఆ నిర్మాణముననే కానవచ్చును. అయినను ఔత్సాహికులు ఆ మరలను కనుగొనిరి, మూత తీసిరి, దానిని కోసి అక్రిలిక్ రేకు బిగించి, లోపల దీపములు వెలిగించిరి. ఆ నల్లని పెట్టెలో నున్నవి సాధారణ కంప్యూటరులోని ప్రాసెసరు, హార్డ్ డిస్కు వంటివేయని ఆ పనిలోనే గ్రహించిరి.

దీపము వెలిగించుటకు ఓమ్ నియమము కావలెను. రెండు వోల్టులతో వెలుగు ఎర్రని ఎల్‌ఇడి దీపమును ఐదు వోల్టుల తీగకు తగిలింపవలెనన్న, మిగిలిన మూడు వోల్టులను ఒక నిరోధకము భరింపవలెను. ప్రవాహము 20 మిల్లీ ఆంపియరులైనచో ఆ నిరోధము 150 ఓములు. నల్లబల్లపై ఈ లెక్క చేసి మరచిన విద్యార్థి, తన చేతిలో నొక దీపము మాడిన పిమ్మట దానిని మరువడు.

కోతకును శాస్త్రము కలదు. రంధ్రము లెక్కువైన కొలది చల్లదన మెక్కువగుననుట పొరపాటు. పంఖా గాలిని ఒక దారిన లోనికి లాగి, వేడెక్కు భాగముల మీదుగ నడపి వెలుపలికి నెట్టును. పంఖా దాపున క్రొత్త రంధ్రము చేసినచో గాలి ఆ దగ్గరి దారినే వచ్చిపోవును. వేడి భాగము వేడిగనే మిగులును. వేడి యెంత కీడు చేయగలదో 2005లో వెలువడిన ఎక్స్‌బాక్స్ 360 చరిత్ర చెప్పును. వేడెక్కి చల్లారుటలో లోపలి అతుకులు పగిలి యంత్రములు విరివిగ చెడిపోగా, 2007 జూలైలో ఆ సంస్థ హామీ కాలమును మూడేండ్లకు పొడిగించి, నూరుకోట్ల డాలర్లకు పైగా కేటాయింపవలసి వచ్చెను.

మూత తెరచినచో హామీ చెల్లదన్న చీటీల మాట యేమి? 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అట్టి షరతులు చట్టవిరుద్ధము కావచ్చునని సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండోలతో సహా ఆరు సంస్థలను హెచ్చరించెను. కొన్నవానికి తన వస్తువును తెరచు హక్కు కలదనుటకు ఇది బలము. అయితే తాను చేసిన చెరుపునకు తానే బాధ్యుడు.

ప్రమాదము లేకపోలేదు. విద్యుత్తును మార్చు భాగము పెట్టెలోనే యుండు యంత్రములలో, ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచియుండవచ్చును. కావున తెలిసినవారి తోడు లేనిదే బాలురు వానిని విప్పరాదు. చెడిపోయి మూలపడిన యంత్రముతో పని నేర్చుకొనుట మేలు.

విజ్ఞాన ప్రదర్శనమునకు అట్టి పెట్టె తెచ్చిన విద్యార్థిని వెక్కిరించుట గాని, వెలుగును చూచి మెచ్చుకొని విడచుట గాని తగదు. నిరోధ మెంత, గాలి యెటు పోవుచున్నది, ఈ రంధ్ర మిచ్చటనే యేల అని ఉపాధ్యాయుడు ప్రశ్నింపవలెను. బదులు చెప్పగలిగినచో ఆ బాలుడు చేసినది విద్యాభ్యాసమే. చెప్పలేనిచో ఆ ప్రశ్నలతోనే అతని విద్య ఆరంభము కావచ్చును.