క్యాసెట్ తిప్పేలోగా

పోయిన నెల ఒక పెళ్లిలో భోజనం చేసి చెయ్యి కడుక్కుంటుంటే, ఎదురుగా గోడకున్న క్యాలెండర్ మీద నా వాక్యం ఒకటి కనిపించింది. కింద నా పేరు లేదు. పక్కన విభూతి రేఖలతో ఒక పెద్దాయన ఫొటో, పైన 'గురువాణి' అని ఎర్ర అక్షరాలు. ఆ పెద్దాయన్ని నేనెరుగుదును. ఆ మాట ఆయన అనలేదు. 1988లో మా వంటింటి గడప మీద కూర్చుని నేను రాశాను.

ఎలా రాశానో చెప్తాను. ఆ ఏడు కార్తిక మాసమంతా తెనాలి పక్కన మా ఊరి శివాలయంలో ఆయన భాగవతం చెప్పారు. ఒక చిన్న భక్తి మాసపత్రిక వాళ్లు ఆ ప్రసంగాలను క్యాసెట్ల నుంచి కాగితం మీదికి ఎత్తి రాసే పని నాకు అప్పగించారు. క్యాసెట్‌కి పన్నెండు రూపాయలు. తొంభై నిమిషాల క్యాసెట్, ఒక్కో వైపు నలభై అయిదు. ముందు వరుసలో కూర్చున్న కుర్రాడు టేపు ఆగిన చప్పుడు విని, తీసి, తిరగేసి, మళ్లీ మీటలు నొక్కేలోగా అరనిమిషం గడిచిపోయేది. ఆయనేమో గంగాప్రవాహం, ఆగేవారు కాదు. కుచేలుడి అటుకుల దగ్గర సరిగ్గా అదే జరిగింది. ఒకవైపు చివర "కృష్ణుడు ఆ మూట లాక్కున్నాడే గానీ..." అని తెగిపోయింది. రెండోవైపు "...అంచేత రుక్మిణి చెయ్యి పట్టుకుంది" అని మొదలైంది. మధ్యలో ఏం చెప్పారో ఆ పరమాత్ముడికే తెలియాలి. అతుకు వెయ్యకపోతే చదివేవాళ్లకు అర్థం కాదు కదా అని, ఇచ్చేవాడు సిగ్గుపడుతుంటే పుచ్చుకునేవాడే చొరవ చెయ్యాలి అని ఒక ముక్క రాసి పెట్టేశాను. ఇన్నేళ్లకు అది గురువాణి అయి గోడకెక్కింది.

అబద్ధమెందుకు, ముందు గర్వంగానే అనిపించింది. పెరుగన్నం దగ్గరకు తిరిగొచ్చేసరికి భయం వేసింది.

మహాత్ములు మాట్లాడరు, వాళ్ల చేత దేవుడు మాట్లాడిస్తాడు అని మనవాళ్లందరికీ చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. నాకూ ఉంది. వేదమంత్రాలకు ఋషులు కర్తలు కారు, ద్రష్టలే అంటారు. మనకైతే అంత దూరం వెళ్లనక్కర్లేదు, పోతన ఉన్నాడు. చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి ఒడ్డున ధ్యానంలో ఉంటే రాముడు కనిపించి భాగవతం తెనిగించమన్నాడనీ, పలికించేవాడు ఆ రామభద్రుడేననీ ఆయనే మొదట్లో చెప్పుకున్నాడు. గజేంద్రమోక్షంలో ఒక పద్యం సగంలో ఆగిపోతే రాముడే వచ్చి పూర్తిచేసి పోయాడన్న కథ బడిపిల్లలకు కూడా వచ్చు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

అందరూ దాటేసే మాట ఇంకొకటుంది. ఆ పోతనే, ఆ మొదట్లోనే, భాగవతం శివుడికీ బ్రహ్మకూ కూడా ఒక పట్టాన అంతుపట్టేది కాదంటాడు. కాబట్టి పండితుల దగ్గర ఆలకించినంత, తాను చూసినంత, తనకు బోధపడినంత వరకే విడమరుస్తానంటాడు. రాముడే పలికిస్తున్నప్పుడు మళ్లీ ఈ 'అంతవరకే' ఎందుకు? చిన్నప్పుడు ఇది వినయం కాబోలు అనుకున్నాను. ఇరవై ఏళ్లు క్యాసెట్లు విన్నాక అది వినయం కాదని తెలిసింది. కొలత చెబుతున్నాడాయన.

కొలత అంటే గుర్తొచ్చింది. దక్షిణేశ్వరంలో రామకృష్ణ పరమహంసకు బడి చదువు అంతంతమాత్రం. పెద్ద పెద్ద పండితులొచ్చి కూర్చుంటే మాట తడుముకునేవారు కాదు. ఎక్కణ్ణుంచి వస్తుందీ అంటే తమ వైపు పల్లెల్లో ధాన్యం కొలిచే పద్ధతి చెప్పేవారు. ఒకడు కొలుస్తూ పోతుంటే ఇంకొకడు రాశిని అతని ముందుకు తోస్తుంటాడు. అమ్మవారు తన వెనక నిలబడి అలా తోస్తున్నదనేవారు. మా తాతగారి కళ్లంలోనూ అంతే. కుంచంతో కొలిచే సుబ్బయ్య తాత 'ఒకటి' అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి, 'రెండు, మూడు' అంటూ రాగం తీసేవాడు. గింజలు ఎగదోసే కుర్రాడి వైపు ఎవరూ చూసేవారు కాదు. కొలత తేడా వస్తే మాత్రం సుబ్బయ్య తాతనే అడిగేవారు. రాశి నాది కాదు కదా, నన్నెందుకు అడుగుతారు అని ఆయన ఏనాడూ అనలేదు. అంటే కళ్లంలో నిలవనిచ్చేవారు కాదు.

ఆ కార్తికంలో మా పెద్దాయన కూడా అనలేదు. ఇరవై మూడో రోజున ఉద్ధవుడికి కృష్ణుడు చేసే ఉపదేశం చెబుతూ ఒక పద్యం చదివి, "పోతనగారు ఎంత ఒడుపుగా అన్నారో చూశారా" అని మురిసిపోయారు. మర్నాడు మైకు ముందు కూర్చోగానే, గొంతైనా సవరించుకోకుండా, "నిన్న ఏకాదశ స్కంధం పద్యం పోతనగారిదన్నాను. తప్పు. అది వెలిగందల నారయగారిది. నారయగారూ, క్షమించండి" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. చేతులెత్తడం క్యాసెట్‌లో వినపడదు గానీ నేను అక్కడే ఉన్నాను.

నిజమే. పోతన భాగవతం అని మనం పూజలో పెట్టుకునే పుస్తకమంతా పోతనది కాదు. అయిదో స్కంధం గంగన, ఆరోది ఏర్చూరి సింగన, పదకొండూ పన్నెండూ నారయ రాసినవి. రాజు పుస్తకాన్ని పాతిపెట్టిస్తే కొంత చెదలు తినేసిందని కథ. కథ నిజమో కాదో గానీ, లోటు పూడ్చింది ముగ్గురు మనుషులన్నది నిజం. రాముడు పలికించిన గ్రంథానికి కూడా చెదలు పడితే రాముడు మళ్లీ రాలేదు, మనుషులే కూర్చుని అతుకు వేశారు. అయితే వాళ్లు నాలాగా దొంగచాటుగా వెయ్యలేదు. ఎవరు ఎంత రాశారో గద్యల్లో తమ పేర్లతో చెప్పుకున్నారు.

నేను ఆ క్షమాపణ పొల్లుపోకుండా రాసి పంపాను. అచ్చులో లేదు. ముందు రోజు తప్పు మాత్రం దిట్టంగా, బొద్దు అక్షరాల్లో ఉంది. సంపాదకుడుగారిని అడిగితే, "గురువుగారు తప్పు మాట్లాడారని మనమే వేస్తే ఎలాగమ్మా? అమ్మవారు పలికిస్తున్న నోరు" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. భక్తి ఎక్కువ. నా వరకు కోప్పడాల్సిన వాడు కూడా కాదు, నెల తిరక్కుండా డబ్బులిచ్చేవాడు. కానీ ఆ రోజు నుంచీ నాకు ఆ మాట వినబడినప్పుడల్లా చెవిలో రాయి పడ్డట్టుంటుంది. దేవుడు పలికిస్తున్నాడన్నది పోతన నోట తన గొప్పను వదిలేసుకునే మాట. నా అంతట నాకు ఇంత లేదు అని. మా సంపాదకుడి నోట అదే మాట, ఇక ఎవరూ అడక్కండి అని అర్థమైపోయింది. పలికిన ఆయనే తప్పన్న తప్పును దిద్దడానికి కూడా వీల్లేకుండా పోయింది.

అరుణాచలంలో రమణమహర్షి సంగతి చూడండి. 1902లో శివప్రకాశం పిళ్లై వెళ్లి 'నేనెవరు' అని అడిగితే, అప్పట్లో మహర్షి పెద్దగా మాట్లాడేవారు కాదు గనుక, ఇసుకలోనూ పలక మీదా జవాబులు రాసి చూపించారు. అవి పుస్తకంగా రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. తర్వాత మహర్షే కూర్చుని ప్రశ్నలు తీసేసి దాన్ని వ్యాసంగా తిరగరాశారు. ఈశ్వరుడు పలికించినదైతే తిరగరాయడమేమిటని అక్కడ ఎవరూ గుండెలు బాదుకోలేదు.

ఎత్తి రాసేవాళ్లకు కూడా అక్కడే ఒక పెద్దక్క ఉంది నాకు. సూరి నాగమ్మగారు. మా గుంటూరు వైపు కొలనుకొండ ఆవిడ, బాల్యంలోనే భర్త పోయారు, చదువు తనంతట తను నేర్చుకున్నదే. 1945 నుంచి ఆశ్రమంలో జరిగేవన్నీ అన్నగారికి తెలుగులో ఉత్తరాలు రాశారు. ఏ తేదీ, ఎవరు వచ్చారు, ఏమడిగారు, మహర్షి నవ్వారా, ఊరుకున్నారా, అన్నీ ఉంటాయి. కలకత్తాలో బడిపంతులు మహేంద్రనాథ గుప్త కూడా పరమహంస మాటలను అలాగే డైరీలో పొందుపరిచి, 1902 నుంచి 1932 దాకా అయిదు భాగాలుగా అచ్చువేశారు. తిథి, వారం, గదిలో ఎవరెక్కడ కూర్చున్నారో కూడా వదల్లేదు. ఆయన తన పేరు దాచుకుని 'మ' అని పెట్టుకున్నారు గానీ, పరమహంస దగ్గుని దాచలేదు, గొంతు నొప్పిని దాచలేదు.

ఇదంతా చదివి నన్ను నాస్తికురాలి కింద జమకట్టకండి. అదే కార్తికంలో గజేంద్రమోక్షం రోజున పెద్దాయన పద్యం మధ్యలో ఆగిపోయారు. మరిచిపోయి కాదు. ఆ పద్యం ఆయన నిద్రలో కూడా చదవగలరు. నా దగ్గర గడియారం పెట్టుకుని చూశాను, క్యాసెట్‌లో నలభై సెకన్లు ఏమీ లేదు. టేపు బుసబుస, ఎక్కడో రిక్షా గంట. మూడు వందల మంది ఉన్నారు, ఒక్క పిల్ల కూడా ఏడవలేదు. తర్వాత వచ్చిన గొంతు ఆయనదే, కానీ ముందటి గొంతు కాదు. ఆ నలభై సెకన్లు ఎలా రాయాలో తెలియక రెండు వరుసలు చుక్కలు పెట్టాను. పత్రికలో చోటు చాలదని చుక్కలు కొట్టేశారు. ఆయన్ని ఎవరో పలికించారని నాకు అనిపించింది ఆ ఒక్కచోటే. అక్కడ ఆయన ఏమీ పలకలేదు.

ఇప్పుడు క్యాసెట్లు లేవు, ఫోన్లున్నాయి. అప్పుడు గంటన్నరలో అరనిమిషం పోయేది, ఇప్పుడు అరనిమిషమే మిగిలి గంటన్నర పోతోంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గుంపులో పొద్దున్నే అయిదారు ముక్కలొస్తాయి, ఏ ఊళ్లో చెప్పారో, దేని మీద చెప్పారో, ముందేముందో వెనకేముందో ఉండదు. ఏ ఉపద్రవం వచ్చినా బ్రహ్మంగారు ఆనాడే చెప్పారని ఒక ముక్క రానే వస్తుంది. కాలజ్ఞానం అచ్చుప్రతులు రెండు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు తెలుసు, ఎవరికి తోచింది వాళ్లు ఎలా కలిపేశారో. ఎవరిదీ కాని మాటకు అందరూ కర్తలే. అడిగితే కళ్లు పోతాయి అంటారు. స్వామి ఒకరు ఆడవాళ్ల గురించో, ఫలానా కులం గురించో నోరు జారినప్పుడు కూడా ఇదే అడ్డం. పలికించింది అమ్మవారు, మీరెవరు అడగడానికి? అమ్మవారి మీదికి ఇంత సులువుగా నేరం తోసేయడం మా చిన్నప్పుడు పాపం కిందకు వచ్చేది.

నేను కోరేది చాలా చిన్నది. ప్రవచనాలు అచ్చువేసేవాళ్లూ, ముక్కలు కోసి పంపేవాళ్లూ తేదీ, ఊరు వెయ్యండి. వినపడని చోట వినపడలేదని రాయండి. అతుకు వేస్తే అది అతుకని చెప్పండి. ఆయనే తప్పని దిద్దుకుంటే ఆ దిద్దుబాటును తప్పుకంటే పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఇందులో దేవుడికి వచ్చే లోటేమీ నాకు కనపడలేదు.

నా అతుకు సంగతి పెద్దాయనకు చెప్పేశాను లెండి, ఆ ఏడే, మాఘంలో. ఆయన కాసేపు ఆలోచించి, "ఆ మాట బావుందా?" అన్నారు. "బానే ఉందండీ" అన్నాను. "అయితే నేనని ఉండను" అని నవ్వి, మజ్జిగ తెమ్మన్నారు. అంతకుమించి మందలించలేదు. మందలించి ఉంటే బాగుండేదేమో.

పెళ్లి నుంచి వచ్చాక అటక మీద రేకుపెట్టె దింపించాను. సగం క్యాసెట్లకు బూజు పట్టింది. మా అక్క మనవడు వాటిని తుడిచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఇరవై నాలుగో రోజుది మొన్న రాత్రి దొరికింది. "నారయగారూ, క్షమించండి" అన్నది అలాగే ఉంది. దాని తర్వాత, ఆ వైపు చివర్లో, నేను అప్పట్లో పట్టించుకోనిది, కాగితం మీదికి ఎక్కించనిది ఇంకొకటుంది. మైకుకి దూరంగా ఎవరో ముసలావిడ అడుగుతుంది, "మరి పద్యం బావుందన్నారు కదయ్యా నిన్న, అది?" అని. పెద్దాయన, "పద్యానికేమైందమ్మా, అది అలాగే ఉంది" అంటారు. జనం నవ్వుతారు. ఆవిడ ఇంకేదో అడగబోతుంది. అక్కడ మొదటి వైపు అయిపోయింది.