బ్యాటరీతోపాటు యంత్రమూ పోవాలా?

సైకిలు తొక్కుకుంటూ కళాశాలకు వచ్చేవారిని నేడు వ్రేళ్ళమీద లెక్కించవచ్చు. ఆ కొద్దిమందిలో మేము నలుగురము. మా నలుగురికీ ఉమ్మడిగా ఒక సైకిలు కంప్యూటరు ఉండేది. ‘ఉండేది’ అని వ్రాయవలసి రావడమే ఈ వ్యాసానికి కారణం.

పేరు పెద్దదే కాని వస్తువు చిన్నది. హ్యాండిలుకు బిగిస్తే వేగమెంతో, సాగిన దూరమెంతో చూపుతుంది. మాలో ఒకరి అన్నగారు జెడ్డాలో కొలువు చేస్తూ కొన్నేళ్ళు దానిని వాడి, క్రొత్తది కొనుక్కొన్నాక పాతదానిని సెలవులకు వచ్చినప్పుడు మాకిచ్చి వెళ్ళారు. ఉపగ్రహ సంకేతాలను అందుకొని, వచ్చిన దారిని గుర్తుంచుకొనే రకం అది. క్రొత్తలో పన్నెండు గంటలు పనిచేసేదట. మా చేతికి వచ్చేనాటికి మూడు గంటలు, ఏడాది తిరిగేసరికి నలభై నిమిషాలు. హైదరాబాదు వెలుపలి వలయ రహదారి ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైన సంగతి తెలిసినదే. ఒక ఆదివారం ఉదయం ఆ బాటపై బయలుదేరగా, సగం దూరంలోనే తెర చీకటైపోయింది. ఆ బాటకు పైకప్పు పొడవునా సౌరఫలకాలు! నెత్తిమీద అంత విద్యుత్తు పుడుతుండగా చేతిక్రింద పిసరంత విద్యుత్తుకు మొహంవాచి నిలబడ్డాము.

ఆరిపోయే ముందు క్షణం వరకు ముప్పై శాతం మిగిలి ఉన్నదని చూపడం మమ్మల్ని మరీ నొప్పించింది. యంత్రం అబద్ధమాడుతుందా? భౌతికశాస్త్ర పాఠాన్ని మళ్ళీ తిరగవేశాక తెలిసింది, అది అబద్ధమాడలేదు, మోసపోయింది. లిథియం అయాన్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. వాడేకొద్దీ అది తగ్గుతుంది. ఆ తగ్గుదలను చూసి ఎంత మిగిలిందో పరికరం అంచనా కడుతుంది. కాని వయసు మీరిన బ్యాటరీలో అంతర్నిరోధం పెరుగుతుంది. తుప్పుపట్టిన గొట్టాన్ని తలచుకోండి. తొట్టిలో నీరున్నది, సన్నగా విప్పితే ధార బాగానే వస్తుంది, పూర్తిగా విప్పితే మాత్రం ఒత్తిడి పడిపోతుంది. అలాగే తెర దీపం వెలిగి, ఉపగ్రహాల వెదుకులాట ఒకేసారి మొదలైతే వోల్టేజి చటుక్కున క్రుంగి, యంత్రం తనను తాను ఆర్పివేసుకుంటుంది. దీపాన్ని ఆర్పి ఉంచితే మా యంత్రం మరో పావుగంట బ్రతికేది.

ఇందులో మా తప్పు లేదనము. మే నెల ఎండలో సైకిలు స్టాండు వద్ద దానిని హ్యాండిలుకే వదిలివేశాము. వేసవి సెలవులలో పూర్తిగా ఖాళీ అయినదానిని రెండు నెలలు బీరువాలో పడవేశాము. ఈ బ్యాటరీకి వేడి ఒక శత్రువైతే, ఖాళీగా పడివుండడం మరొకటి. సగం నింపి చల్లని చోట ఉంచవలసింది. అయినా ఎంత జాగ్రత్తపడినా కొన్ని వందలసార్లు నింపేసరికి దాని శక్తి తగ్గక తప్పదు. 1991లో బజారుకు వచ్చి ప్రపంచాన్నే మార్చివేసిన వస్తువిది. దీనిని రూపొందించినందుకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వారి విద్యను మేము తప్పుపట్టడం లేదు. అరిగిపోయే వస్తువని తెలిసీ దానిని విప్పరాని పెట్టెలో అతికించి అమ్మడాన్ని తప్పుపడుతున్నాము.

తయారీదారుల సేవాకేంద్రానికి వెళ్ళాము. ఆ నమూనా ఎప్పుడో ఆగిపోయిందనీ, బ్యాటరీ విడిగా అమ్మరనీ చెప్పి, క్రొత్త నమూనాల ధరల పట్టిక చేతిలో పెట్టారు. అక్కడినుండి పాతబస్తీలో గడియారాలు బాగుచేసే ఒక ఉస్తాదు వద్దకు వెళ్ళాము. ఆయన దానిని అటూఇటూ త్రిప్పి, భూతద్దం తీసి బల్లమీద పెట్టి, “బేటా, దీనికి తలుపే లేదు. నేను ఎటునుంచి లోపలికి పోవాలి?” అన్నారు.

ఆయన మాటతో మాకు మరో సైకిలు కంప్యూటరు గుర్తుకు వచ్చింది. మాలో ఒకరి మామయ్యగారి సైకిలుకు నేటికీ ఉన్నది. ఉపగ్రహాలు లేవు, ఏమీ లేవు. చువ్వకు ఒక అయస్కాంతం, ఫోర్కుకు ఒక చిన్న స్విచ్చి, వాటినుండి ఒక తీగ. చక్రం ఒకసారి తిరిగినప్పుడల్లా స్విచ్చి మూసుకుంటుంది. ఆ లెక్కను చక్రపు చుట్టుకొలతతో హెచ్చిస్తే దూరం వస్తుంది. దానికి కావలసింది సీఆర్ 2032 అనే బిళ్ళ బ్యాటరీ ఒక్కటే. ఆ అంకెలలోనే కొలత ఉన్నది: వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2. దుకాణదారు పొరపాటున 2025 ఇస్తే వోల్టులు అవే మూడైనా మందం 2.5 మిల్లీమీటర్లే కనుక గతుకు వచ్చినప్పుడల్లా అంకెలు మాయమవుతాయి. ఏడాదికో, అంతకు మించో ఒకసారి రూపాయి బిళ్ళతో వెనుక మూత త్రిప్పి, క్రొత్తది వేస్తే సరి. ఒక్క బాధ మాత్రం ఉన్నది. బ్యాటరీ తీయగానే ఆ పాత యంత్రం మొత్తం దూరాన్ని మరచిపోతుంది. అందుకే మామయ్యగారు తీసేముందు అంకెను డైరీలో వ్రాసుకొని, పాతదానికి క్రొత్తది కలుపుకుంటూ వస్తున్నారు. యంత్రానికి మతిమరుపు ఉన్నా మనిషికి డైరీ ఉన్నది.

మూత ఉంటే వర్షపు నీరు దూరుతుందని తయారీదారుల వాదం. మామయ్యగారి యంత్రానికి మూతచుట్టూ ఒక రబ్బరు వలయం ఉన్నది. అది ఎన్ని వానాకాలాలను చూసిందో ఆయన డైరీయే చెప్పాలి. ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుండి అక్కడ అమ్మే పరికరాలలోని చిన్న బ్యాటరీలను కొన్నవారే తీసి మార్చుకొనగలగాలి. నీటిలో తడవడానికే ఉద్దేశించిన కొన్నింటికి మినహాయింపు ఉన్నా, వాటిని సైతం మరమ్మతు తెలిసినవారు విప్పగలగాలి. అంటే ఉస్తాదుగారికి తలుపు ఉండాలనే! మన దేశంలోనూ మరమ్మతు హక్కుకై కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టలును ప్రారంభించింది. వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించే బాధ్యతను అదే ఏడాది వచ్చిన నియమాలు ఉత్పత్తిదారులపై ఉంచాయి. కాని మా సేవాకేంద్రంలో ఆ ప్రస్తావనే రాలేదు. అడగవలసిన మేమూ అడగలేదు.

ఇక మా యంత్రం సంగతి. హాస్టలు గదిలో దాని అంచున బ్లేడు పెట్టి మేమే తెరిచాము. బ్యాటరీ చేతికి వచ్చింది కాని తెరకు పోయే సన్నని పట్టీ తెగిపోయింది. బ్లేడు మరికాస్త లోపలికి దిగి బ్యాటరీని చీల్చి ఉంటే నిప్పు అంటుకొనేదని తర్వాత మా అధ్యాపకులు చెప్పగా విని వణికాము. విప్పే చోటు లేక, నేర్పేవారు లేక పిల్లలు గదులలో చాటుగా ఇటువంటి పనులు చేస్తున్నారన్న సంగతి కళాశాల కమిటీవారి దృష్టికి తేవలసి ఉన్నది.

కనుక కమిటీవారికి మా మనవి. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల, వారానికి రెండు గంటలు, చిన్న స్క్రూడ్రైవర్లు, ఒక మల్టీమీటరు, ప్రక్కన ఒక అధ్యాపకుడు. అప్పుడప్పుడు ఉస్తాదుగారివంటి వారిని గౌరవంగా పిలిచి బల్లముందు కూర్చోబెట్టగలిగితే మరీ మంచిది. ద్వారం వద్ద వాడిన బ్యాటరీలకు మూతగల ఒక పెట్టె ఉండాలి. బిళ్ళ బ్యాటరీని పసిపిల్లలు మ్రింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చు. కాబట్టి రెండు వైపులా టేపు అంటించి వేయాలని ఆ పెట్టెమీద ఉర్దూలోను తెలుగులోను వ్రాసి ఉంచాలి. ఆ వ్రాతపనికి మేమూ, ఉర్దూ విభాగపు మిత్రులూ సిద్ధంగా ఉన్నాము. పెట్టె తాళంచెవి ఎవరివద్ద ఉండాలో కమిటీవారు నిర్ణయించాలి. అంతవరకు మా బ్యాటరీని టేపు చుట్టి, ఒక రేకు డబ్బాలో భద్రపరచి ఉంచాము.