ఏటి కింది ఏరు

ఎండాకాలం చిత్రావతి ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని చెలిమె తవ్విన వాళ్లు అనంతపురం వైపు ఇంకా ఉన్నారు. మూరెడు తవ్వితే తడి తగులుతుంది, ఇంకాస్త తవ్వితే ఊట. మొదట వచ్చే బురదనీళ్లు చిప్పతో తోడి పారబోస్తారు. కాసేపు ఆగి, నీళ్లు తేరుకున్నాకే బిందెకెత్తుతారు.

పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని ఒడ్డు ఊళ్లలో ఊటకాలువలు నడిచింది ఈ లెక్కమీదే. ఏటి ఇసుకలోకి కాలువ కోసుకుంటూ వెళ్లి, లోపలి నీటిని వాలు మీద పొలాలకు తెచ్చుకునేవారు. పూడిక తీయడం ఊరుమ్మడి పని. నీటిమట్టం కాలువ అడుగు కంటే దిగిందా, పారకం దానంతటదే ఆగేది. పంచాయితీ పెట్టే పనిలేదు. బోరుకు ఆ అడుగు లేదు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. స్టార్టరుకు ఆటోమేటిక్ తగిలించి రైతు ఇంట్లో పడుకుంటే, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు తిరుగుతుంది.

అలాగని బోరును తిట్టి లాభంలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే చోట మనిషి ఇంకేం చేస్తాడు? 1990లలో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం కూడా కొంత ఏటి పక్క బావుల మీదే ఆధారపడింది. చిక్కల్లా నేలలోని నీటికీ ఏటికీ వేరువేరు ఖాతాలు తెరవడం దగ్గరే. వరద రోజుల్లో ఏరు ఒడ్లను తడుపుతుంది. వరద తీశాక ఆ ఒడ్ల నీరే మళ్లీ ఏట్లోకి ఊరుతుంది. ఒడ్డునే తోడేస్తే ఆ ఊట తెగుతుంది. పైన ఇసుక కూడా లారీలకెక్కిపోతే ఇక దాచుకునే చోటే ఉండదు.

తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోర్లకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కట్టడి పెట్టింది. వేసవి ఏటికీ అలాంటి గిరి ఒకటి కావాలి. ఏరు నిండుగా ఉన్నప్పుడు ఏటి నీళ్లే చెరువుల్లో నింపుకుని వాడుకోవాలి, ఒడ్డుకు దూరపు బావులను ఎండాకాలానికి అట్టిపెట్టుకోవాలి. పైపులకు ఖర్చవుతుంది, నిజమే. ట్యాంకర్లకు మాత్రం కావడం లేదా?

అనంతపురంతో సహా ఏడు జిల్లాల్లో ఒకప్పుడు రైతులే తమ బావుల మట్టం కొలిచి, ఊరి గోడమీద రాసుకుని, ఆ లెక్క చూసి రబీ పంట ఎంచుకున్నారు. అలాంటి గోడ మళ్లీ రాయిస్తే, ఏట్లో పారకం ఏ తేదీన ఆగిందో రాసుకోవడానికీ ఒక గడి గీయించండి.