బచ్చా తాడు కాదు

ట్రాలీ ఆటోలో మోటార్‌సైకిల్ పోతోందంటే దాని పక్కన ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి ట్రాలీ అంచు మీద. గుంత వస్తే బండి అతని మీదికి ఒరుగుతుంది, మోకాలు అడ్డం పెట్టి ఆపుతాడు. రోజూ చూసి చూసి ఇది మనకు ఆదత్ అయిపోయింది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బండిని కట్టాలి, మనిషితో పట్టించకూడదు. కట్టడం రాకపోతే నేర్చుకోవాలి.

ఈ మాట ముఖ్యంగా మన ఇళ్లలో మాట్లాడుకోవాలి. మెకానిక్ షాపులు, వెల్డింగ్, ట్రాలీ కిరాయి, హమాలీ పని, వీటి మీద బతికే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. చెడిపోయిన బండిని షాపుకు తెచ్చేటప్పుడు ఉస్తాద్ డ్రైవర్ పక్కన కూర్చుంటాడు, షాగిర్ద్ వెనుక నిలబడతాడు. షాదీ అయ్యాక జహేజ్ సామాను పోయేటప్పుడు మంచం, బీరువా మధ్యలో కొత్త బండి ఉంటుంది, దాన్ని పట్టుకోవడానికి పెళ్లికూతురు తమ్ముడో, గల్లీలో పిల్లాడో ఎక్కుతాడు. జహేజ్ మంచిదా చెడ్డదా అన్నది వేరే బహస్, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. ఈరోజు నా ఫికర్ ఆ ఎక్కిన పిల్లాడి గురించి.

"జాన్ కా సద్‌ఖా మాల్" అని మన పెద్దలు అంటారు. ప్రాణం దక్కితే చాలు, సొమ్ము దాని మీద సద్‌ఖా అనుకోమని. ట్రాలీ మీద మనం చేస్తున్నది సరిగ్గా దీనికి ఉల్టా. మాల్‌కు గీత పడకూడదని జాన్‌ను అడ్డం పెడుతున్నాం.

లెక్క చూడండి. స్ప్లెండర్ బరువు 112 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. డ్రైవర్ గట్టిగా బ్రేకు కొడితే ట్రాలీ ఆగుతుంది కానీ, పైనున్న బండి అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది. అప్పుడు అది తన బరువులో సగమంత బలంతో తోస్తుంది. అంటే క్లాసిక్ అయితే సుమారు వంద కిలోలు. బ్రేకు పడుతుందని కుర్రాడికి ముందే తెలియదు, పైగా అతని కాళ్లు కూడా అదే ట్రాలీలో జారుతుంటాయి. ఎంత కండ ఉన్నవాడైనా ఆపలేడు. బండికీ క్యాబిన్‌కీ మధ్య నలుగుతాడు, లేదా రోడ్డు మీద పడతాడు. బండే కింద పడితే వెనుక స్కూటర్ మీద వచ్చేవాళ్ల గతేమిటి?

"తాడు కట్టాం కదా భాయ్" అంటారు. ఏ తాడు? ప్లాస్టిక్ తాడు నున్నగా ఉంటుంది, కుదుపులకు ముడి జారుతుంది. నైలాన్ తాడు బరువు పడితే సాగుతుంది. సైకిల్ ట్యూబు క్యారియర్ మీద బియ్యం బస్తాకు బాగానే పనికొస్తుంది, కానీ అది రబ్బరు, బండి లాగినకొద్దీ వదులవుతుంది. పైగా సైడ్ స్టాండ్ వేసి కడతారు. సైడ్ స్టాండ్ కదలని నేల మీద నిలబెట్టడానికి చేసింది. ఊగే ఇనప రేకు మీద అది జారుతుంది, పైనుంచి తాడు బిగిస్తే వంగుతుంది కూడా. సెంటర్ స్టాండ్ మీద పెట్టినా బ్రేకుకు బండి ముందుకు దూకి స్టాండ్ దిగిపోతుంది.

మరి ఎలా కట్టాలి? నాలుగు రాచెట్ బెల్టులు కావాలి, అదే లారీల వాళ్లు సరుకు బిగించడానికి వాడే గిరక బెల్టులు. ఎంత బరువు ఆపుతుందో రాసిన చీటీ బెల్టుకు కుట్టి ఉంటుంది, చీటీ లేనిది కొనొద్దు. ముందు చక్రాన్ని ట్రాలీ మధ్యలో, క్యాబిన్ వైపు గోడకు నేరుగా ఆనించాలి. స్టాండ్లు పైకి తీసి, బండిని నిటారుగా నిలబెట్టి, మొదటి గేరు వేయాలి. హ్యాండిల్ కింద రెండు ఫోర్కులు కలిసే గట్టి చోటు నుంచి రెండు బెల్టులు, ఒకటి కుడి ముందు మూలకు, ఒకటి ఎడమ ముందు మూలకు, ఏటవాలుగా కిందికీ బయటికీ లాగాలి. ఇద్దరు ఉండి రెండు వైపులా సమానంగా బిగించాలి.

ఎంత బిగించాలి? ముందు షాకర్ మూడో వంతు కిందికి దిగేదాకా. ఇందులో అసలు కిటుకు ఉంది. నొక్కిన స్ప్రింగు పైకి తోస్తూ ఉంటుంది కాబట్టి గుంతలు వచ్చినా బెల్టు వదులు కాదు, కొక్కెం ఊడదు. పూర్తిగా నొక్కేస్తే ఆయిల్ సీళ్లు పాడవుతాయి. తర్వాత వెనుక, సీటు దగ్గరి ఫ్రేమ్ నుంచి రెండు వెనుక మూలలకు మిగతా రెండు బెల్టులు. అద్దం, ఇండికేటర్, క్లచ్ లివర్, సైలెన్సర్, వీటికి ఏదీ కట్టకూడదు. పదునైన అంచు తగిలే చోట పాత గుడ్డ మడిచి పెట్టాలి. పెట్రోల్ ట్యాప్ ఉంటే మూసెయ్యాలి. బయలుదేరిన ఐదు కిలోమీటర్లకు ఒకసారి ఆగి బెల్టులు చూడాలి, తర్వాత చాయ్‌కి ఆగిన ప్రతిసారీ చూడాలి. ఇలా కట్టిన బండిని పట్టుకుని ఊపితే ట్రాలీ కూడా దానితో ఊగుతుంది. ఇక పక్కన మనిషితో పనేముంది?

దగ్గరే కదా, రెండు కిలోమీటర్లకు ఇంత హంగామా ఎందుకు అన్నది ఇంకో బహానా. బండి నడిచే స్థితిలో ఉంటే, కాగితాలు సరిగ్గా ఉంటే, నడుపుకుంటూ పోండి. ట్రాలీ ఎక్కించక తప్పదంటే మాత్రం రెండు కిలోమీటర్లయినా కట్టాల్సిందే. బ్రేకు ఏ గల్లీ చివర పడుతుందో ఎవరికి తెలుసు?

"అల్లాహ్ చూసుకుంటాడు" అనేవాళ్లూ ఉన్నారు. ఒంటెను కట్టి తవక్కుల్ చేయనా, వదిలేసి తవక్కుల్ చేయనా అని అడిగిన మనిషికి రసూలుల్లాహ్ (స) ముందు కట్టమనే చెప్పారు. తిర్మిజీలోని ఈ హదీస్ జుమా బయాన్లలో ఎన్నిసార్లు వినలేదు మనం! లాపర్వాహీకి తవక్కుల్ అని పేరు పెడితే అది తవక్కుల్ అయిపోదు.

కానూన్ మాట కూడా వినండి. సరుకు బండి బీమా ఆ సరుకు యజమానికి గానీ, అతని తరఫు మనిషికి గానీ వర్తించేలా 1994లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. కానీ 2007లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసుల్లోనే, యజమాని అంటే క్యాబిన్‌లో కూర్చుని ప్రయాణించేవాడే అని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ట్రాలీ మీద నిలబడిన షాగిర్ద్ తరఫున బీమా కంపెనీతో ఎవరు గెలుస్తారు? కొడుకును పోగొట్టుకున్న అమ్మీ, అబ్బా కచేరీల చుట్టూ తిరగాలి.

జిమ్మెదారీ ఎవరిది అంటే నేను మొదట కిరాయి ఇచ్చేవాడిదే అంటాను. కిరాయి మాట్లాడేటప్పుడే "బెల్టులున్నాయా?" అని అడగండి. వంద తగ్గించమని బేరమాడే నోటికి ఈ ఒక్క ప్రశ్న బరువు కాదు. ట్రాలీ నడిపే భాయీలకు నా దర్ఖాస్త్, ఒక కొత్త టైరు ఖరీదులో నాలుగు బెల్టులు వస్తాయి, సీటు కింద పెట్టుకోండి. కట్టడానికి కొక్కేలు లేవంటారా, నాలుగు మూలలా నాలుగు గట్టి రింగులు వెల్డింగ్ చేయించుకోండి, పని తెలిసినవాడు మన గల్లీలోనే ఉంటాడు. ఉస్తాద్‌లకు ఇంకో మాట. షాగిర్ద్‌ను వాళ్ల అమ్మీ మీకు పని నేర్పమని అప్పగించింది, అతను మీ దగ్గర అమానత్. ఇంజిన్ విప్పడం నేర్పే ముందు బండి కట్టడం నేర్పండి. కట్టాక అతన్ని క్యాబిన్‌లో కూర్చోబెట్టండి. అక్కడ చోటు లేకపోతే బస్సు చార్జీ ఇచ్చి వేరేగా పంపండి.