కారు ఈల వేస్తోందా?

హైవే మీద ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ తొక్కారు. బానెట్ కింద నుంచి సన్నగా ఈల! నిన్నటిదాకా లేని చప్పుడు. షెడ్డుకు తీసుకెళ్తే ‘టర్బో పోయింది సార్, మార్చాల్సిందే’ అంటాడు మెకానిక్. కాస్త ఆగండి. అది వేల రూపాయల మాట. పైగా ప్రతి చప్పుడూ టర్బో జబ్బు కాదు.

ఇంజిన్ నుంచి వేగంగా బయటికొచ్చే పొగ ఓ చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కు రెండో చివర ఉన్న చక్రం గాలిని పీల్చి, ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది. టర్బోచార్జర్ అంటే ఇదే. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. షాఫ్ట్ నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది కాబట్టి కొత్త కారులోనూ కొద్దిపాటి ఈల మామూలే. ఆ చప్పుడు మారితేనే అనుమానించాలి.

తొక్కినప్పుడల్లా ‘స్స్...’మని గాలి పోతున్నట్టుందా? బండి సరిగా లాగడం లేదా? ముందు హోస్ పైపులు చూపించండి. పైపు చిట్లినా, క్లిప్పు వదులైనా ఇలాగే అవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టకటకమని, వేడెక్కాక తగ్గిపోతే ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ లీకు కావచ్చు. ఈ రెంటికీ టర్బో మార్చనక్కర్లేదు.

అంబులెన్స్ సైరన్‌లా, వేగంతోపాటే పెరిగే కూత మాత్రం ప్రమాద ఘంటిక. బేరింగులు అరిగి, చక్రం రెక్కలు గోడకు రాసుకుంటూ ఉండొచ్చు. దానికి నీలం పొగ తోడైతే కారు పక్కకు ఆపి, ఇంజిన్ ఆర్పేయండి. ‘ఇంటిదాకా వెళ్దాంలే’ అనుకోవద్దు. విరిగిన రెక్క ముక్క ఇంజిన్‌లోకి వెళ్లొచ్చు. డీజిల్ కారైతే లీకైన ఆయిల్‌నే తాగేస్తూ, తాళం తీసినా ఇంజిన్ ఆగకపోవచ్చు!

చాలా టర్బోల్లో షాఫ్ట్‌కు ఆధారం పల్చటి ఆయిల్ పొరే. ఆయిల్ మురికిపట్టినా, సరిగా అందకపోయినా బేరింగులు అరిగిపోతాయి. అందుకే టర్బో మార్చాల్సి వస్తే, పాతది ఎందుకు పోయిందో తప్పక అడగండి. పూడుకుపోయిన ఆయిల్ పైపును వదిలేసి కొత్తది బిగిస్తే అదీ ఎన్నాళ్లో ఉండదు.

కంపెనీ చెప్పిన ఆయిలే, చెప్పిన గడువుకే మార్పించండి. హైవే మీద జోరుగా వచ్చాక ఓ నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి అప్పుడు ఆపండి. అన్నట్టు... వారానికోసారైనా పాటలు కట్టేసి, అద్దం దించి నడపండి. మామూలు చప్పుడు తెలిస్తేనే కొత్త చప్పుడు చెవిన పడుతుంది.