మల్లుల అంగీ వివాదము

బ్రెజిలు దేశమున పెరిగి నేడు ఖండాంతరములకు వ్యాపించిన జియు జిత్సు అను మల్లవిద్య రెండు పక్షములుగ చీలుచున్నది. చీలికకు కారణము శాస్త్రభేదము కాదు, వస్త్రభేదము. దళసరి నూలు అంగీ, లాగు, నడికట్టు, ఈ మూడింటిని కలిపి ‘గీ’ యందురు. బ్రెజిలువారు కిమోనో యందురు. ఇది లేనిదే విద్య లేదని యొక పక్షము. ఇది తాతల నాటి వేషము, మూటగట్టి అటకపై వేయుడని రెండవ పక్షము. ఒంటి నంటియుండు బనియనుతో, కుఱుచ లాగుతో పోరుటయే నిజమైన పోరని వీరి వాదము. ప్రేక్షకాదరణము తమవైపు హెచ్చుచున్నదన్న ధీమాచే వీరి కంఠధ్వని మిక్కుటముగ నున్నది. కంఠధ్వని హెచ్చినంత మాత్రమున వ్యాజ్యము నెగ్గదని న్యాయస్థానపు మెట్లెక్కిన వారెల్లరు నెఱుగుదురు. కావున వాదముల నొక్కొక్కటిగ విచారింతము.

వీథిలో నెవడును గీ తొడిగికొని తిరుగడు గనుక గీతో నేర్చిన పట్టులు వ్యర్థములని మొదటి వాదము. వీథిలో నెవడు వస్త్రహీనుడై తిరుగుచున్నాడు? పలుచని చొక్కా చినుగవచ్చును. చలిదేశపు కోటు చినుగదు. దానికిని కాలరు కలదు, చేతులు కలవు. పట్టుకొన నేర్చినవాని కవి యుపకరించును. విడిపించుకొన నేరనివాని కవియే యురిత్రాళ్లగును.

పంజరపు పోటీలలో గీకి తావు లేదని రెండవ వాదము. 1993 నవంబరు 12వ తేదీన డెన్వరు నగరమున రాయిస్ గ్రేసీ గీ తొడిగియే యొక్క రాత్రిలో ముగ్గురిని లొంగదీసి యీ విద్యకు లోకప్రసిద్ధి తెచ్చెను. పిమ్మట ఆ పోటీల నియమములు గీని నిషేధించినమాట నిజమే. పంజరమున కెక్కువాడు గీ లేకయే సాధన చేయవలెను; మేము కాదనము. కాని సాయంకాలము పని ముగించుకొని వ్యాయామశాలకు వచ్చు గుమాస్తాయు, పాఠశాల బాలుడును, ఆత్మరక్షణ కోరి వచ్చిన స్త్రీయు నే పంజరమున కెక్కబోవుచున్నారు? నూటికి నొక్కని యవసరమును దక్కినవారి కెల్ల శాసనముగ విధించుట యేమి న్యాయము?

గీ పోరును మందగింపజేయునని మూడవ వాదము. ఔను, మందగింపజేయును; దాని ప్రయోజనమే యది. చెమట పట్టిన చేయి జాఱును, నూలుబట్ట జాఱదు. కాలరును చేతి యంచును ప్రత్యర్థి పిడికిట నున్నప్పుడు బలశాలి కేవలబలముచే తప్పించుకొనజాలడు. ముందు పిడికిలి విడిపింపవలెను, పిమ్మట నడుము కదల్పవలెను, అటుపిమ్మట లేవవలెను. ఈ క్రమమున నోర్పును సమయజ్ఞానమును తామై యలవడును. బలహీనుడు బలవంతుని నిలుపగలడనుట యీ విద్య చేసిన ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞ చెల్లించుటకు గీ గొప్ప సాధనము.

ఇక సాక్ష్యము. గీ రహిత పోటీలలో ప్రసిద్ధమైన అబూధాబీ పోటీలు 1998లో ప్రారంభమయ్యెను. 2005లో నందు తన బరువు తరగతిని, సర్వతరగతుల పోటీని గెలిచిన రోజర్ గ్రేసీ కాలరుతో కంఠము బిగించుటలో నసమానుడు. అచ్చట నాలుగు మారులు గెలిచిన మార్సెలో గార్సియా గీ తొడిగి యైదు మారులు ప్రపంచవిజేత యయ్యెను. 2003లో రాయిలర్ గ్రేసీని లొంగదీసిన ఎడ్డీ బ్రావోను ప్రతిపక్షము వారు తఱచుగ నుదాహరింతురు. ఆయనయు మచాడో శిష్యుడై గీ తొడిగి నడికట్టులు గడించినవాడే. 1951లో మరకానా మైదానమున హేలియో గ్రేసీ భుజమును మెలివైచి గెలిచిన జపాను మల్లుడు కిమూర గీ ధరించియే యుండెను. ఆ పట్టు నేడు గీ లేని గోదాలలోను కిమూర యను పేరనే చెలామణి యగుచున్నది. తల్లి పాలు త్రాగి తల్లిని తూలనాడుట తగునా?

అయితే గీ పక్షము వారికిని మేము చెప్పవలసిన మాట కలదు. 1882లో జిగొరో కానో కొడోకాను స్థాపించిన కాలమున అంగీచేతులు కుఱుచగ నుండెను. పిదప నవసరమునుబట్టి పొడిగింపబడెను. అవసరమునుబట్టి మారిన దానిని సనాతనధర్మ మనుట చెల్లదు. మడమను మెలివైచు పట్టు మున్నగు కాలిపట్టులలో గీ లేని గోదాలు సాధించిన యభివృద్ధిని కాదనుటయు చెల్లదు.

అంతకంటె పెద్ద దోషము వేఱొకటి కలదు. రియో నగరమున గీ కొన శక్తిలేని పేదవాడల యువకులనేకులు ‘లూతా లీవ్రె’ యను గీ లేని కుస్తీ నాశ్రయించిరి. దాని యాచార్యుడు యూక్లిడిస్ హాతెమ్ 1942లో జార్జి గ్రేసీని ఓడించెను. పిదప దశాబ్దములపాటు రెండు పక్షములకును వైరము సాగెను. 1991 నాటి మూడు పందెములను జియు జిత్సు వారు గెలిచినను వైరమార లేదు. నూలుబట్ట ధనవంతునికిని దరిద్రునికిని నడుమ గోడ యయ్యెను. గీలేని పోటీలలో సైతము నడికట్టు రంగు బనియనుపై కనబడవలెనని అంతర్జాతీయ సమాఖ్య నియమించినది. వస్త్రము పోయినను హోదా విడువని వారు, హోదా నిలుపుకొనుచు విద్యార్థి ఖర్చు తగ్గింపలేరా?

మా తీర్పిది. ప్రతి వ్యాయామశాలయు విద్యార్థుల ఉమ్మడి వినియోగమునకు కొన్ని గీల నుంచవలెను. కొనలేనివాని కెరువిచ్చి నేర్పవలెను. వారమున కొన్ని దినములు గీతోను, కొన్ని దినములు గీ లేకయు సాధన చేయింపవలెను. నేర్పునుబట్టి నడికట్టు నీయవలెనేగాని కొన్న బట్టనుబట్టి కాదు. ఇట్లు చేయక గీని పాఱవేయువారు విద్యలో సగము పోగొట్టుకొందురు. గీని ధనికుల సొత్తుగ దాచుకొనువారు విద్యార్థులలో సగమును పోగొట్టుకొందురు. గీ యొక గురువు. గురువునకు గడపకడ్డముగ నిలుచు నధికారము లేదు.